రక్తనాళ క్లోజర్ డివైజ్‌లు, వాటి ప్రపంచ మార్కెట్: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇవి అసలు ఏం చేస్తాయి?

యాంజియోగ్రామ్, స్టెంట్, గుండె కవాటం మార్పిడి వంటి చికిత్సల్లో గజ్జ దగ్గర తొడ ధమనిలోకో, సిరలోకో సూది గుచ్చి షీత్ అనే గొట్టం దింపుతారు. పని అయ్యాక షీత్ తీసేస్తే నాళం గోడలో రంధ్రం మిగులుతుంది. దాన్ని కుట్టో, బిరడా పెట్టో, క్లిప్ వేసో మూసే పరికరమే క్లోజర్ డివైజ్.

షీత్ సైజును ఫ్రెంచ్‌లలో చెబుతారు. మూడు ఫ్రెంచ్‌లు ఒక మిల్లీమీటరు. 6 ఫ్రెంచ్ షీత్ అంటే అందులో 2 మిల్లీమీటర్ల క్యాథెటర్ (నాళంలో నడిపే సన్నటి గొట్టం) పడుతుంది. కానీ షీత్‌కూ గోడ మందం ఉంటుంది కాబట్టి ధమనిలో పడే రంధ్రం 2.6 మిల్లీమీటర్లకు పైనే. ఒక కంపెనీ బ్రోషర్‌లో షీత్ లోపలి కొలత, ఇంకో దాంట్లో బయటి కొలత ఉంటాయి. రెండింటినీ పక్కపక్కన పెట్టి పోల్చేవాళ్లు ముందు తడబడేది ఇక్కడే.

చేత్తో నొక్కిపెడితే ఆగదా?

ఆగుతుంది. దశాబ్దాలుగా అలాగే ఆపుతున్నారు, ఇప్పటికీ చాలా చోట్ల అదే పద్ధతి. 6 ఫ్రెంచ్ షీత్ తీశాక 15 నుంచి 20 నిమిషాలు వదలకుండా నొక్కాలి. ఆ తర్వాత పేషెంటు 4 నుంచి 6 గంటలు కాలు చాపుకుని కదలకుండా పడుకోవాలి. రక్తం గడ్డకట్టనివ్వని హెపారిన్ మందు ఇచ్చి ఉంటే దాని ప్రభావం తగ్గేదాకా షీత్ తీయడానికే వీలుండదు.

డివైజ్ వాడితే రక్తం నిమిషాల్లో ఆగుతుంది, రెండు మూడు గంటల్లో లేపి నడిపించవచ్చు. కొనే ఆసుపత్రి చూసేది ఆ గంటలనే. కంపెనీలు భద్రత గురించి ఎంత చెప్పినా, చిన్న రంధ్రాల విషయంలో డివైజ్‌కు అసలు బలం మంచం తొందరగా ఖాళీ అవడమే.

అంటే చేతికంటే డివైజ్ సురక్షితం కాదా?

చిన్న రంధ్రాల్లో పెద్ద తేడా లేదు. 2014లో వెలువడిన ఐసార్-క్లోజర్ అధ్యయనంలో 6 ఫ్రెంచ్ షీత్‌తో యాంజియోగ్రామ్ చేయించుకున్న 4,524 మందిని ఫెమోసీల్, ఎక్సోసీల్, చేతి ఒత్తిడి అనే మూడు గుంపులుగా విడదీశారు. నాళ సమస్యలు డివైజ్‌లు వాడినవారిలో 6.9 శాతం, చేత్తో నొక్కినవారిలో 7.9 శాతం. చేతికంటే హీనం కాదని తేలింది, అంతకుమించి ఘనంగా చెప్పుకోవడానికి లేదు. రక్తం ఆగిన సమయంలో మాత్రం తేడా స్పష్టం: ఒక నిమిషం ఎక్కడ, పది నిమిషాలు ఎక్కడ!

అదే అధ్యయనంలో అంతగా ప్రచారం కాని అంకె ఇంకొకటి ఉంది. డివైజ్ పనిచేయకపోవడం ఫెమోసీల్‌లో 5.3 శాతం అయితే ఎక్సోసీల్‌లో 12.2 శాతం. క్లోజర్ డివైజ్‌లన్నీ ఒకటే అనుకుని ధర ఒక్కటే చూసి కొనేవాళ్లు ఈ అంకెను పక్కన పెట్టుకోవాలి. పైగా ఇది రోగనిర్ధారణ యాంజియోగ్రామ్‌ల లెక్క. రక్తం పలచబరిచే మందులు గట్టిగా పడిన స్టెంట్ కేసులకు దీన్ని యథాతథంగా వర్తింపజేయకూడదు.

రకాలు ఏమిటి? ఒంట్లో ఏం మిగులుతుంది?

కుట్టు రకం: అబాట్ వారి పెర్‌క్లోజ్ ప్రోగ్లైడ్, దాని తర్వాత వచ్చిన ప్రోస్టైల్. పాలీప్రొపిలీన్ దారంతో ధమని గోడనే కుడుతుంది. ఆ దారం కరగదు, ఎప్పటికీ ఉండిపోతుంది.

లంగరు, బిరడా రకం: టెరుమో వారి యాంజియో-సీల్. నాళం లోపల చిన్న లంగరు, బయట కొల్లాజెన్ బిరడా, రెండింటినీ కలిపే దారం. మూడూ 60 నుంచి 90 రోజుల్లో కరిగిపోతాయి. కొల్లాజెన్ పశువుల నుంచి తీసింది కాబట్టి ఆ ఉత్పత్తులు పడనివారికి వాడకూడదు, ముందే అడగాలి. ఫెమోసీల్ కూడా టెరుమోదే. అందులో కొల్లాజెన్ ఉండదు, గోడకు లోపలొకటి బయటొకటి రెండు కరిగే బిళ్లలు పడతాయి.

నాళం బయట మాత్రమే మూసేవి: కార్డిస్ వారి మింక్స్ (పాలీఇథిలీన్ గ్లైకాల్ జెల్, 30 రోజుల్లో పోతుంది), అదే కంపెనీ ఎక్సోసీల్, హీమోనెటిక్స్ వారి వాస్కేడ్. వాస్కేడ్‌లో ఒక సన్నటి జాలీ బిళ్ల నాళంలో కాసేపు తెరుచుకుని రంధ్రాన్ని అడ్డుకుంటుంది. బయట కొల్లాజెన్ పరిచాక ఆ బిళ్లను మడిచి లాగేస్తారు.

క్లిప్ రకం: అబాట్ స్టార్‌క్లోజ్. నిటినాల్ అనే లోహపు క్లిప్ నాళం పైన పట్టుకుని శాశ్వతంగా ఉంటుంది.

పెద్ద రంధ్రాల బిరడా: టెలిఫ్లెక్స్ వారి మాంటా. 14, 18 ఫ్రెంచ్ సైజుల్లో వస్తుంది. లంగరు, కొల్లాజెన్ కరిగిపోయినా చిన్న స్టీలు తాళం మిగులుతుంది. తర్వాత ఎప్పుడైనా ఎక్స్‌రేలో అది కనిపిస్తే కంగారు పడనక్కర్లేదు.

పెర్‌క్లోజ్ ప్రోగ్లైడ్ వాడకం ఎలా ఉంటుంది?

గైడ్‌వైర్ (దారి చూపే సన్నటి తీగ) నాళంలో ఉంచి షీత్ తీసేస్తారు. వైర్ మీదుగా డివైజ్ దింపి, వైర్ బయటికి వచ్చే రంధ్రం చర్మం దాకా రాగానే వైర్ తీస్తారు. ఇంకాస్త లోపలికి నెడితే పక్కనున్న సన్నటి గొట్టంలోంచి రక్తం నాడితోపాటు ఎగసిపడుతుంది. డివైజ్ మొన నాళంలో ఉందనడానికి అదే గుర్తు.

పైనున్న మీట ఎత్తితే నాళం లోపల చిన్న పాదం తెరుచుకుంటుంది. పాదం గోడకు ఆనేదాకా మెల్లగా వెనక్కి లాగాలి. ఆనాక గొట్టంలో రక్తం ఆగాలి. ఆగకపోతే పాదం సరిగా ఆనలేదన్నమాట, ముందుకు వెళ్లకూడదు. ఆగితే ప్లంజర్ పూర్తిగా నొక్కాలి: రెండు సూదులు గోడను దాటి పాదంలోని దారాన్ని అందుకుంటాయి. ప్లంజర్ వెనక్కి లాగి, దారాన్ని డివైజ్ మీదున్న బ్లేడుతో కత్తిరించి, మీట దించి పాదం ముడవాలి. మీట దించకుండా లాగితే పాదం గోడను చీల్చేస్తుంది. హడావుడిలో జరిగే తప్పుల్లో ఇంత ఖరీదైనది ఇంకోటి లేదు.

ఆపై నీలం కొసను నాళానికి సూటిగా, నిలకడగా లాగితే ముడి కిందికి దిగుతుంది. ముడి నెట్టే కర్రతో దాన్ని గోడ దాకా దించాలి. రక్తం ఆగిందని నమ్మకం కుదిరాకే తెల్ల కొస లాగి ముడిని బిగించేయాలి. అనుమానం ఉంటే డివైజ్ తీసేముందే వైర్‌ను మళ్లీ నాళంలోకి పంపి పెట్టుకుంటారు, కుట్టు విఫలమైతే ఇంకో డివైజ్‌కు దారి మిగులుతుంది.

8 ఫ్రెంచ్ దాటిన రంధ్రానికి ముందుకుట్టు పద్ధతి వాడతారు. పెద్ద షీత్ దించకముందే రెండు డివైజ్‌లను మధ్య గీతకు చెరోవైపు తిప్పి రెండు కుట్లు వేసి, బిగించకుండా వదిలేస్తారు. చికిత్స అయ్యాక బిగిస్తారు. ఈ రెండు డివైజ్‌ల సంగతి గుర్తుంచుకోండి, మార్కెట్ లెక్కల్లో మళ్లీ వస్తుంది.

ఎక్కడ తేడా కొడుతుంది?

చాలాసార్లు తప్పు డివైజ్‌లో ఉండదు, సూది గుచ్చిన చోటులో ఉంటుంది. ఉమ్మడి తొడ ధమని మధ్యలో, తొడ ఎముక తల ఎదురుగా గుచ్చాలి. అంతకంటే పైన పడితే రక్తం పొట్ట వెనక భాగంలోకి కారుతుంది. బయటికి వాపు కనిపించదు, నడుం నొప్పి, పడిపోయే బీపీ మాత్రమే చెబుతాయి. మరీ కింద, ధమని రెండుగా చీలిన చోట పడితే నాళం సన్నగా ఉండి లంగరు గానీ పాదం గానీ పట్టదు. సూడోఅన్యూరిజం (కారిన రక్తం ధమని పక్కన సంచిలా ఉబ్బడం), ధమనికీ సిరకీ మధ్య దారి పడటం వంటివి అక్కడే ఎక్కువ. అల్ట్రాసౌండ్‌లో చూస్తూ గుచ్చడం, డివైజ్ పెట్టేముందు షీత్‌లోంచి కాస్త కాంట్రాస్ట్ (ఎక్స్‌రేలో కనిపించే ద్రవం) ఎక్కించి ఒక బొమ్మ తీయడం చవకైన బీమా.

ముందు గోడలో సున్నం పేరుకుంటే సూదులు దిగవు, బిరడా అతకదు. నాళం 4 మిల్లీమీటర్ల కంటే సన్నగా ఉంటే యాంజియో-సీల్ లంగరు ప్రవాహానికే అడ్డుపడుతుంది. పేషెంటు కాలి పాదం చల్లబడి నొప్పెడితే లంగరో బిరడా ముక్కో కిందికి జారిందేమో చూడాలి. ఇన్ఫెక్షన్ అరుదు. వచ్చిందంటే మాత్రం చేత్తో నొక్కినప్పటికంటే మొండిగా ఉంటుంది, ఎందుకంటే లోపల బయటి వస్తువు ఉంది. జ్వరం, గజ్జలో ఎరుపు, చీము వారం పదిరోజుల తర్వాత కనిపించినా తేలిగ్గా తీసుకోకూడదు.

మణికట్టు దారి వచ్చాక ఈ మార్కెట్ ఎందుకు పడిపోలేదు?

అడగాల్సిన ప్రశ్నే. 1989లో కంపో అనే వైద్యుడు మణికట్టు ధమని ద్వారా యాంజియోగ్రామ్‌లు ప్రచురించారు, 1992లో కీమెనై అదే దారిలో యాంజియోప్లాస్టీ చేశారు. మణికట్టును గజ్జతో పోల్చిన రైవల్ 2011లో, మాట్రిక్స్ 2015లో వచ్చాక యూరప్ మార్గదర్శకాలు, 2021లో అమెరికావి కూడా గుండెపోటు కేసుల్లో మణికట్టుకే ముందు వరుస ఇచ్చాయి. అక్కడ ఒక గాలి పట్టీ కట్టి వదిలితే చాలు. అలా 5, 6 ఫ్రెంచ్ గుండె కేసులు ఈ మార్కెట్ నుంచి జారిపోతూ వచ్చాయి, ఇంకా పోతున్నాయి.

ఆ లోటును పూడ్చింది పెద్ద రంధ్రాలు. క్యాథెటర్ ద్వారా బృహద్ధమని కవాటం మార్చే టావి, బృహద్ధమని ఉబ్బుకు స్టెంట్ గ్రాఫ్ట్, గుండెకు తోడు పంపులు: వీటికి 14 ఫ్రెంచ్, అంతకంటే పెద్ద దారులు కావాలి, మణికట్టు సరిపోదు. మొదట్లో టావి షీత్‌లు 22, 24 ఫ్రెంచ్ ఉండి చాలామందికి గజ్జ కోసి తెరవాల్సి వచ్చేది. షీత్ 14 ఫ్రెంచ్‌కు దిగాక కోతలేని మూసివేత మామూలైంది. 2019 ఆగస్టులో తక్కువ ప్రమాదం ఉన్న రోగులకు కూడా టావికి అమెరికా మందులు, పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి ఇవ్వడంతో కేసులు ఇంకా పెరిగాయి.

ఇక సిరలు. కర్ణికల (గుండె పై గదుల) అసంగత లయకు చేసే అబ్లేషన్‌లో, అంటే లయ తప్పించే కణజాలాన్ని నిర్వీర్యం చేసే చికిత్సలో, ఒక్కో రోగికి రెండు నుంచి నాలుగు షీత్‌లు పడతాయి. వాస్కేడ్‌లో సిరల కోసం చేసిన రకం, వాస్కేడ్ ఎంవీపీతో జరిపిన యాంబ్యులేట్ అధ్యయనంలో 204 మందిలో నడిచే సమయం సగటున 6.1 గంటల నుంచి 2.8 గంటలకు తగ్గింది. రోగిని అదే రోజు ఇంటికి పంపాలనుకునే ఆసుపత్రికి ఇది పెద్ద మాట. 2023 డిసెంబరు, 2024 జనవరిలలో ఎఫ్‌డీఏ అనుమతించిన పల్స్‌డ్ ఫీల్డ్ అబ్లేషన్ (విద్యుత్ పల్సులతో చేసే అబ్లేషన్) వ్యవస్థల్లో ఫారాపల్స్‌కు లోపలి కొలతే 13 ఫ్రెంచ్ ఉన్న షీత్ కావాలి. 12 ఫ్రెంచ్ దాకానే మూసే డివైజ్ దానికి చాలదు, అందుకే పెద్ద సైజు తేవాల్సి వచ్చింది. చికిత్స పరికరం మారితే మూత పరికరం వెంట పరుగెత్తాలి, ఈ వ్యాపారం తీరే అంత.

సిరల్లో ఒక చవక పోటీదారు కూడా ఉంది: చర్మం మీద ఎనిమిది అంకె ఆకారంలో వేసే మామూలు కుట్టు. దాని ఖర్చు ఒక దారం. డివైజ్ కంపెనీలు తమ పట్టికల్లో దీన్ని చూపించవు.

పెద్ద రంధ్రాలకు కుట్టు మేలా, బిరడా మేలా?

2022లో వచ్చిన చాయిస్-క్లోజర్ అధ్యయనం 516 మంది టావి రోగుల్లో మాంటాను, ప్రోగ్లైడ్ పద్ధతిని పోల్చింది. గుచ్చిన చోట నాళ సమస్యలు మాంటాలో 19.4 శాతం, ప్రోగ్లైడ్‌లో 12.0 శాతం. రక్తం ఆగే వేగంలో మాంటాదే పైచేయి. మాష్ అనే 210 మంది అధ్యయనంలో మాత్రం స్పష్టమైన తేడా తేలలేదు. కాబట్టి చేయి తిరిగినవారికి కుట్టు, ముందుకుట్టు వేయడం వీలుపడని అత్యవసర కేసులో బిరడా అన్నది సమంజసమైన ఏర్పాటు. మాంటాకు కూడా ముందు జాగ్రత్త ఉంది: పెద్ద షీత్ దించకముందే లోతు కొలిచి రాసుకోవాలి. అది మరిస్తే చివర్లో అంచనా మీద బిరడా పెట్టాల్సి వస్తుంది.

ఎవరి చేతుల్లో ఉంది ఈ మార్కెట్?

అబాట్, టెరుమో ముందున్నాయి. ఆ తర్వాత కార్డిస్, హీమోనెటిక్స్, టెలిఫ్లెక్స్. దాదాపు అన్నీ కొనుక్కున్నవే. పెర్‌క్లోజ్‌ను అబాట్ 1999లో కొంది. యాంజియో-సీల్ సెయింట్ జూడ్ దగ్గర ఉండేది. 2017లో అబాట్ సెయింట్ జూడ్‌ను కొన్నప్పుడు రెండు పెద్ద బ్రాండ్లూ ఒకే గూటికి చేరతాయని పోటీ నియంత్రణ సంస్థ అడ్డు చెప్పింది. దాంతో యాంజియో-సీల్, ఫెమోసీల్, ఇంకొక షీత్ కలిపి సుమారు 112 కోట్ల డాలర్లకు టెరుమో చేతికొచ్చాయి. మింక్స్‌ను కార్డినల్ హెల్త్ 2014లో కొని, మరుసటి ఏడాది కొన్న కార్డిస్‌లో కలిపింది. 2021లో కార్డిస్‌ను ఒక పెట్టుబడి సంస్థకు అమ్మేసింది. మాంటా చేసిన ఎసెన్షియల్ మెడికల్‌ను టెలిఫ్లెక్స్ 2018లో, వాస్కేడ్ చేసిన కార్డివాను హీమోనెటిక్స్ 2021లో 47.5 కోట్ల డాలర్ల తొలి చెల్లింపుతో తీసుకున్నాయి.

చిన్న కంపెనీ తయారు చేయడం, పెద్ద కంపెనీ కొనడం. ఎందుకంటే ప్రతి క్యాథ్ ల్యాబ్‌కూ (ఈ చికిత్సలు చేసే గదికి) వెళ్లి మొదటి కేసుల్లో పక్కన నిలబడి నేర్పించే సిబ్బంది చిన్న కంపెనీకి ఉండరు.

మార్కెట్ రిపోర్టుల్లో అంకెలు ఒకదానితో ఒకటి ఎందుకు కలవవు?

మొదటి కారణం, దేన్ని లెక్కలో వేసుకున్నారన్నది. కొందరు ఒంట్లో పెట్టే, లేదా నాళాన్ని నేరుగా మూసే డివైజ్‌లనే లెక్కిస్తారు. కొందరు మణికట్టు పట్టీలు, రక్తం గడ్డకట్టించే ప్యాడ్‌లు, నొక్కిపెట్టే బిగింపులు కూడా కలిపేస్తారు. రెండోది, కేసులను డివైజ్‌లుగా మార్చే తీరు. కింది ఉదాహరణలో అంకెలన్నీ లెక్క చూపించడానికి ఊహించినవే.

గుండె యాంజియో కేసులు 1,000 అనుకోండి. గజ్జ దారి 25 శాతం, అంటే 250. అందులో 60 శాతానికి డివైజ్ వాడితే 150, విఫలమై రెండోది విప్పినవి కలిపితే 158.

టావి కేసులు 100. గజ్జ దారిలో 95. కేసుకు రెండు కుట్టు డివైజ్‌లు: 190.

అబ్లేషన్ కేసులు 200. కేసుకు మూడు షీత్‌లు, 600 రంధ్రాలు. సగం డివైజ్‌తో మూస్తే 300.

వెయ్యి కేసులున్న విభాగం అట్టడుగున ఉంది, రెండువందలున్నది పైన ఉంది. కేసుకు ఒక డివైజ్ అని గుడ్డిగా గుణించిన రిపోర్టు ఏకంగా తలకిందుల బొమ్మ ఇస్తుంది. ఇక ధర గురించి: జాబితా ధరకూ ఒప్పంద ధరకూ చాలా దూరం. పెద్ద ఆసుపత్రి గొలుసులు స్టెంట్లు, క్యాథెటర్లతో కలిపి మూటగా బేరమాడతాయి కాబట్టి డివైజ్ ఒక్కదాని ధర బయటికి తెలియదు.

ఖర్చు ఎవరు భరిస్తారు?

అమెరికాలో వృద్ధుల ప్రభుత్వ బీమా అయిన మెడికేర్ దీనికి విడిగా చెల్లించదు. సీ1760 అనే కోడ్ ఉన్నా ఆ ఖర్చు చికిత్స మొత్తం చెల్లింపులోనే కలిసిపోతుంది. అంటే డివైజ్ ధర ఆసుపత్రి లాభంలోంచి పోతుంది. నర్సు సమయం, మంచం గంటలు, రాత్రి బసలు మిగిలితేనే గిట్టుబాటు. పగటిపూటే ఇంటికి పంపే ఏర్పాటు లేని ఆసుపత్రిలో పేషెంటు ఎలాగూ తెల్లారేదాకా ఉంటాడు. అక్కడ చిన్న రంధ్రానికి డివైజ్ వాడి నాలుగు గంటలు మిగిల్చినా ఖాతాలో పైసా మిగలదు.

ప్రభుత్వాలు కేంద్రీకృతంగా కొనే దేశాల్లో ధర ఒత్తిడి వేరు. చైనా 2020లో గుండె స్టెంట్లను మూకుమ్మడిగా కొన్నప్పుడు సుమారు 13,000 యువాన్ల ధర 700కు పడింది. ఆ దేశంలో అమ్మాలనుకునే ఏ పరికరం కంపెనీ అయినా ఆ అంకెను మరిచిపోలేదు.

అనుమతులు ఎలా ఉంటాయి?

అమెరికాలో ఇవి మూడో తరగతి (ప్రమాదం అత్యధికమైన పరికరాల వర్గం), అమ్మేముందు పీఎంఏ అనే అనుమతి కావాలి, అంటే మనుషుల్లో పరీక్షల ఫలితాలు చూపించాలి. యాంజియో-సీల్‌కు ఆ అనుమతి 1996లో వచ్చింది. సిరకూ ధమనికీ, ప్రతి కొత్త షీత్ సైజుకూ విడిగా ఆధారం అడుగుతారు. ప్రోగ్లైడ్ లేబుల్ ధమనికి 5 నుంచి 21 ఫ్రెంచ్, సిరకు 5 నుంచి 24 ఫ్రెంచ్ అని వేర్వేరుగా ఉండటానికి కారణం అదే.

యూరప్‌లో 2021 మే 26 నుంచి కొత్త పరికరాల చట్టం అమల్లో ఉంది. పాత సర్టిఫికెట్లున్న మూడో తరగతి పరికరాలకు గడువు 2027 చివరి దాకా పొడిగించారు. అమ్మకాలు తక్కువున్న పాత సైజులను కొత్త పత్రాలు చేయించడం దండగని కంపెనీలు ఆపేయవచ్చు. ఒకే సైజు మీద ఆధారపడిన కొనుగోలుదారు ఈ తేదీని క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోవాలి.

నిల్వ విషయంలో జాగ్రత్తలేమిటి?

కరిగే పాలిమర్లు తేమ తగిలితే ఒంట్లో కరిగినట్టే అలమారలోనూ బలహీనపడతాయి. అందుకే రేకు సంచి, లోపల తేమ పీల్చే పొట్లం. సంచి విప్పాక వెంటనే వాడాలి. కేసు రద్దయితే రేపటికి దాచకూడదు. ఒకసారి వాడినవి మళ్లీ స్టెరిలైజ్ చేసి వాడటానికి పనికిరావు.

అదే గజ్జలో మళ్లీ గుచ్చవచ్చా?

యాంజియో-సీల్ పెట్టి 90 రోజులు దాటకపోతే పాత చోటుకు ఒక సెంటీమీటరు పైన గుచ్చమని తయారీదారు సూచన. లంగరు ఇంకా లోపల ఉండవచ్చు కాబట్టి. కుట్టు రకానికి అలాంటి నిర్ణీత గడువు లేదు. ఏది పెట్టారో, ఏ తేదీన, ఏ వైపు పెట్టారో డిశ్చార్జి కాగితంలో ఉండాలి. డివైజ్ పెట్టెలో వచ్చే పేషెంటు కార్డును ఇంటికి పంపకుండా ల్యాబ్ చెత్తబుట్టలో పడేస్తే, రెండు నెలల తర్వాత ఇంకో ఊళ్లో అదే గజ్జలో సూది పెట్టే డాక్టరుకు ఈ సంగతి తెలిసే దారి ఉండదు.